దొరకని వాటి రిజిస్టరు

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ అమ్మాయి మొన్న ఒక డబ్బా కలాకంద్ తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్ళి కుదిరిందేమో అనుకున్నాను. కాదట. ఆమె పనిచేసే చిన్న కంపెనీని ఎవరో పెద్ద కంపెనీ కొనేసిందట. “అంకుల్, మేం అక్వైర్ అయినం!” అని గంతులేసింది. కలాకంద్ బాగుంది, రెండు ముక్కలు తిన్నాను. మంచి మాట ఒకటి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. నేనూ ఒకప్పుడు అలా అమ్ముడుపోవడానికి తల దువ్వుకుని కూర్చున్నవాణ్ణే. తీరా నన్ను కొనలేదు. ఎందుకు కొనలేదో ఆ పిల్లకు అక్కడే చెబుదామనుకున్నాను గానీ, ఆమె ఇంకా పై అంతస్తులన్నిటికీ మిఠాయి పంచాల్సి ఉంది. అందుకని రాస్తున్నాను. ఆమె ఈడు వాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

నా అసలు ఉద్యోగం యూనివర్సిటీ లైబ్రరీలో. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి, అది ఏ అరలో ఉండాలో నిర్ణయించే పని. సర్వీసంతా అదే చేశాను. రిటైరైన మూడో నెలలో మా ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ అక్షర క్రమంలో సర్దేశాను. ఆవాలు ఎక్కడున్నాయో తెలియక ఆమె పొయ్యి మీద నూనె మాడబెట్టుకుంది. “మీకు దండం పెడ్త, జర ఎక్కడన్న పని చూసుకోండి” అని చేతులు జోడించింది.

ఆ వారంలోనే ఒక పాత రీసెర్చ్ విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. కరీంనగర్ వైపు రైతు కుటుంబం పిల్ల. గడువు దాటిన పుస్తకాల మీద నాతో నాలుగేళ్ళు పోట్లాడింది. ఇప్పుడు తార్నాకలో సొంతంగా కంపెనీ పెట్టిందట. “ఖాళీగనే ఉన్నరట గద సార్. మా దగ్గరికి రండి, మీకు తెలిసిన పనే” అన్నది. మర్నాడే వెళ్ళాను.

కంపెనీ అంటే మెట్రో పిల్లర్ల వెనక సందులో, ఒక జిరాక్స్ షాపు పైన రెండు గదులు. చుట్టుపక్కల ఏది ఎక్కడ దొరుకుతుందో తెలుగులో అడిగితే చెప్పే యాప్ వాళ్ళది. టైప్ చేసి అడగొచ్చు, మాట్లాడి అడగొచ్చు, అవేవీ రానివాళ్ళు నేరుగా ఫోన్ చేయొచ్చు. లోపలి గదిలో ఇద్దరు ఇంజనీర్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని లోకంతో సంబంధం లేకుండా కూర్చునేవాళ్ళు. ముందు గదిలో మేం ముగ్గురం.

ఒకరు టీచరమ్మ. పుట్టిల్లు గుంటూరు వైపు. భర్త రైల్వేలో చేసి పోయాడు. లాలాగూడలో ఉంటూ, ఒక క్రిస్టియన్ బడిలో పాఠాలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక ఇక్కడ చేరింది. చర్చిలో పాటలు పాడే గొంతు. ఫోనెత్తి “చెప్పు నాన్నా” అన్నదంటే అవతలివాడు అడగాలనుకోనిది కూడా అడిగేవాడు. రెండో మనిషిని అందరం అన్న అనేవాళ్ళం. మెట్టుగూడ మనిషి. ఎన్నో ఏళ్ళు ఆటో నడిపి, నడుం పోయి మానేశాడు. పాత స్కూటీ మీద తిరిగేవాడు. రామంతాపూర్ నుంచి సికింద్రాబాద్ దాకా ఆయనకు తెలియని సందు లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. అడిగినదానికి యాప్ జవాబు చెప్పిందా, సరే. చెప్పలేకపోయిందా, ఆ ప్రశ్న ఒక పొడుగు రిజిస్టరులో ఎక్కేది. దాని మీద నేనే ‘దొరకనివి’ అని రాశాను. క్రమసంఖ్య, ఏం కావాలన్నారు, ఎవరు అడిగారు, దొరికిన చోటు, వెతికినవారు అని అయిదు గళ్ళు. రోజూ సాయంత్రం నాలుగింటికి చాయ్ వచ్చేది. చాయ్ తాగుతుంటే టీచరమ్మ ఆ రోజు దొరకనివన్నీ పైకి చదివేది. తెలిసినవాళ్ళు తెలిసింది చెప్పాలి. ఎవరికీ తెలియకపోతే అన్న స్కూటీ తీయాలి. దొరికాక అడిగినవాళ్ళకు టీచరమ్మ తిరిగి ఫోన్ చేసి చెప్పాలి. అప్పటిదాకా ఆ గడి ఖాళీగా మమ్మల్ని చూస్తూ ఉండేది.

ఏం అడిగేవారో వింటే మీరు నవ్వుతారు. పాత రేడియో బాగుచేసేవాళ్ళు. ఆదివారం తెరిచే పళ్ళ డాక్టరు. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చే కిటికీలో లంచ్ తర్వాత మనిషి ఉంటాడా. మూడు కాళ్ళ కుక్కకు వైద్యం చేసేవాళ్ళు. ఆ కుక్క డాక్టర్ను అన్న హబ్సిగూడలో పట్టుకున్న రోజు మాకు పండగే. ఇన్నేళ్ళ లైబ్రరీ ఉద్యోగంలో పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పాను గానీ, ఎవరికైనా నిజంగా పనికొచ్చానా అని నాకు ఎప్పుడూ అనుమానమే. ఆ ముందు గదిలో ఆ అనుమానం రాలేదు.

ఇక మమ్మల్ని కొనడానికి వచ్చిన పెద్ద కంపెనీ సంగతి. మీరంతా రోజూ వాడేది కాదు, దాని వెనకాల రొప్పుతూ పరుగెత్తేవాటిలో ఒకటి. వెతకడమే దాని వ్యాపారం. కానీ నేను చూసినంతలో అది సొంతంగా వెతికి పట్టుకున్నది ఒక్కటే: ఎక్కడ ఎవరు కష్టపడి ఏం కట్టుకున్నారో. దారులు చూపే కంపెనీ ఒకటి పెరుగుతుంటే దాన్ని కొన్నది. ఫొటో చూసి వస్తువు పేరు చెప్పే కంపెనీని కొన్నది. వంటల వీడియోల కంపెనీని కూడా కొన్నది, ఎందుకో దానికే తెలియదు. కొన్నవాటిలో చాలావాటిని మూసేసింది. మూసినవాటిలో మిగిలిన మనుషుల్ని ఇంకో కొన్నదానిలో కలిపింది. దీన్ని వాళ్ళు ఎదుగుదల అంటారు. మా కాలనీలో ఒకాయన ఇలాగే పక్క ప్లాట్లు ఒక్కొక్కటే కొని గోడలు కలిపేసి, లోపల గడ్డి పెంచుతున్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ మేధావి అనరు.

మా కంపెనీ పెట్టిన అమ్మాయి ఒకరోజు లాప్‌టాప్ తెచ్చి, మమ్మల్ని కొంటామంటూ వాళ్ళు పంపిన స్లైడ్ చూపించింది. బిళ్ళల ఆటలా గళ్ళు గీసి, గడికొక కంపెనీ బొమ్మ పెట్టారు. చివరి గడి ఖాళీగా ఉంది. “అది మనది సార్” అన్నది, కళ్ళు మెరుస్తుంటే. అరలు సర్ది సర్ది బతికినవాణ్ణి. ఖాళీ అర కనిపిస్తే ఏదో ఒకటి తెచ్చి పెట్టేయాలనిపిస్తుందని నాకు తెలుసు. అలా పెట్టిన పుస్తకాన్ని తర్వాత ఎవరూ తీయరన్నదీ తెలుసు. అయినా ఆ రోజు ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ మురిపెంగానే ఉంది.

ఆమె ఒక షరతు పెట్టింది. ముందు గదిలోని ముగ్గుర్నీ తీసుకుంటేనే తను వస్తానన్నది. వాళ్ళు సరేననలేదు, కాదనలేదు. వచ్చి చూస్తామన్నారు. ముందు గది ఏం చేస్తుందో చూసి నిర్ణయిస్తారట. టీచరమ్మకు, అన్నకు ఇంకోచోట పని దొరికే వయసు కాదు, ఇల్లు నడవాల్సింది ఈ జీతంతోనే. నాకు పింఛను వస్తుంది. అంటే ఆ గదిలో పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

“రోజూ చేసేదే చూపించండి సార్, కొత్తగ ఏం చెయ్యకండి” అని ఆ అమ్మాయి నాతో రెండుసార్లు చెప్పింది. విన్నాను. కానీ నేను యూనివర్సిటీలో పండిపోయినవాణ్ణి. తనిఖీ కమిటీ వచ్చే ముందు పెద్దసార్లంతా ఈ మాటే అనేవారు. ఆ సాయంత్రమే పూలకుండీలకు రంగులు పడేవి. చిరిగిన పుస్తకాలు దుప్పటిలో మూటకట్టి జనరేటర్ గదిలోకి పోయేవి. కనబడకుండా పోయిన పుస్తకాల జాబితా మా సూపరింటెండెంటు ఇంటికి తీసుకుపోయేవాడు. కమిటీ వచ్చి, చూసి, బిర్యానీ తిని, బాగుందని రాసి పోయేది. లోపం కనబడనివ్వకపోవడమే తనిఖీ అని నాకు బుర్రకెక్కింది.

కాబట్టి నేను అప్పటికి పోగైన ‘దొరకనివి’ రిజిస్టర్లు పదకొండూ తీసి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. దొరికినవన్నీ ఏరి, కొత్త తెల్ల కాగితాల మీద అందమైన అక్షరాలతో వారం రోజులు కూర్చుని రాశాను. మార్జిన్లు ఎర్ర సిరాతో గీశాను. మా టీచరమ్మ చూసి ముక్కున వేలేసుకుంది.

“అదేంటండీ అన్నయ్యగారూ, మన పనే ఆ పుస్తకాలు కదండీ. అవి దాచేస్తే మనం ఏం చేస్తున్నట్టు?”

“దొరకలేదు, దొరకలేదు అని పదకొండు బుక్కులు చూపిస్తమా అమ్మా? వెతికే కంపెనీకి?”

అన్న కూడా గొణిగాడు. “ఏంది సార్, గవ్వి చూపియ్యకుంటె నేనెందుకు తిరుగుతున్ననో ఆళ్ళకెట్ల తెలుస్తది?”

“నువ్వెన్ని ఇన్‌స్పెక్షన్లు చూసినవే? నేను డజను చూసిన. రేపు ఇస్త్రీ అంగీ ఏసుకొని కూసో. ఎక్కడికి పోకు, అంతే” అన్నాను.

వాళ్ళు నా మాట విన్నారు. లైబ్రరీలో అంత కాలం చేసినవాడు కదా, తెలిసే చెబుతున్నాడనుకున్నారు.

వాళ్ళు వచ్చే రోజు మధ్యాహ్నం నుంచే గది పెళ్ళివారిల్లులా ఉంది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచాం. అన్న ఇస్త్రీ చొక్కా నలుగుతుందని వెనక్కి ఆనుకోకుండా కూర్చున్నాడు. నేను తలకు నూనె రాసుకుని, నా తెల్ల కాగితాల కట్ట ముందు పెట్టుకుని, చేతులు కట్టుకుని ఖాళీగా ఉన్నాను. మూడుంబావు దాటాక ఎవరో ఫోన్ చేశారు. టీచరమ్మ ఎత్తింది. “చెప్పు నాన్నా” అంటూ రిజిస్టరు కోసం అలవాటుగా చెయ్యి చాపింది. రిజిస్టరు లేదు. చిత్తుకాగితం ఒకటి తీసుకుని రాసుకుంది. తొందరగా కానియ్యమని నేను కళ్ళతో సైగ చేశాను. ఆమె కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

సరిగ్గా నాలుగింటికి వాళ్ళు దిగారు. ఇద్దరు. ఒకాయన పెద్ద అధికారి, హైదరాబాద్‌లోనే పుట్టాడట గానీ తెలుగును చెప్పుల్లో ఇరుక్కున్న గులకరాయిలా అటూ ఇటూ కదిలిస్తూ మాట్లాడేవాడు. రెండో ఆవిడ ఫోన్లో ఏదో రాసుకుంటూ ఉంది. చాయ్ వచ్చింది. పద్ధతి ప్రకారం అది టీచరమ్మ చదవాల్సిన వేళ. నేను ఆమెను చదవనివ్వలేదు, నా కాగితాలు చదివాను. ఎక్కడెక్కడ ఏమేం దొరికాయో, పది నిమిషాలు. కుక్క డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆవులింత ఆపుకున్నాడు.

“నైస్, అంకుల్. బట్, ఇవి మీ సక్సెస్‌లు. పీపుల్ అడిగినవాటిలో మీ దగ్గర ఆన్సర్ లేనివి, అవి చూడాలి నాకు.”

దొంగను పట్టుకోవడానికి కమిటీవాళ్ళు వేసే ప్రశ్న ఇదేనని నేను లోపల నవ్వుకున్నాను.

“ఒక్కటి కూడ లేదు సార్,” అన్నాను. “మా దగ్గర అన్నీ దొరుకుతయి.”

వాళ్ళ పక్కనే కూర్చున్న మా కంపెనీ అమ్మాయి చప్పున నా వైపు తిరిగింది. “సార్, దొరకనివి రిజిస్టర్లు ఉన్నయి గద మన దగ్గర. అవి చూపించండి.”

అప్పుడైనా తెలివి రావాలి. వచ్చింది కూడా. ఆమె గొంతు వినగానే, నేను పప్పులో కాలేశానని నాకు అర్థమైంది. కానీ ఒక్క నిమిషం క్రితం ఒక్కటి కూడా లేదన్న నోటితో పదకొండున్నాయని ఎలా అనడం? తాళంచెవి చొక్కా జేబులోనే ఉంది. దాని బరువు గుండె మీద తెలుస్తోంది.

“అవి పాతవి మేడం. అన్నీ నింపేసినం. ఇప్పుడు ఏం లెవ్వు.”

ఎప్పుడూ బిడ్డా అని పిలిచేవాణ్ణి ఆ రోజు మేడం అన్నాను. అన్న ఏదో అనబోయాడు. నేను గుడ్లురిమాను. టీచరమ్మ బల్ల మీద గుడ్డకు లేని ముడతలు సరిచేసింది. ఆ అమ్మాయి ఇనుప బీరువా వైపు చూసింది, తాళం వైపు చూసింది, నా వైపు చూసింది. నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేయడం ఇష్టంలేక ఊరుకుంది. దాన్ని మర్యాద అనుకునేవాణ్ణి చాలాకాలం. ఇప్పుడు అనుకోను. నా పరువు కాపాడి ఇద్దరి తిండి పోగొట్టింది.

“సో క్లీన్!” అన్నాడాయన, నా అక్షరాలు మెచ్చుకుంటూ. ముందు గదిలో ఆయన గడిపింది అంతే. లోపలి గదిలో ఇంజనీర్లతో గంటన్నర కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక నేను కింద నుంచి జిలేబి తెప్పించి అందరికీ పంచాను. తనిఖీ దివ్యంగా జరిగిందని నా నమ్మకం.

మూడు రోజులకు ఆ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఇంజనీర్లిద్దరూ, తనూ, సాఫ్ట్‌వేరూ వాళ్ళకు కావాలట. ముందు గదికి థాంక్స్ చెప్పమన్నారట.

“మనుషులు చేసే పని ఇక్కడ ఏం కనబడలేదన్నరు సార్. నేను ఎక్కువచేసి చెప్పిన్నట. ఆళ్ళొచ్చిందే ఆ రిజిస్టర్ల కోసం. జనం ఏం అడుగుతరో అందరి దగ్గర ఉన్నది, ఏం దొరకలేదో ఎవరి దగ్గర లేదు. ఒక్క బుక్కు చూపిస్తె అయిపోతుండె.”

“మరి నీ షరతు, బిడ్డా?”

ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. సంతకం పెట్టడానికి మాత్రం అంతసేపు పట్టలేదని తర్వాత ఇంజనీర్లు చెప్పారు.

కొన్ని నెలలకు యాప్ తెరిస్తే, మీ ప్రేమకు కృతజ్ఞతలు, మేం కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నాం అని వచ్చేది. ఆ తర్వాత అదీ రాలేదు. సాఫ్ట్‌వేరును ఏదో గడిలో పెట్టి మరిచిపోయారు. కంపెనీ పెట్టిన ఆ అమ్మాయి అక్కడ ఏడాది కుర్చీ వేడి చేసి బయటికి వచ్చేసింది. ఈమధ్య ఆ పెద్ద కంపెనీని దానికన్నా పెద్దది ఒకటి కొన్నదని విన్నాను. ఆ అధికారికి కూడా ఎవరో సో క్లీన్ అని చెప్పి ఉంటారు. వింటే కడుపు చల్లబడింది, దాచుకోను.

రిజిస్టర్లు చూపించి ఉంటే మాత్రం ఏం చేసేవాళ్ళు, వాటినీ ఒక గడిలో పెట్టి మూసేవాళ్ళు కదా అని నాకు నేను చెప్పుకుంటుంటాను. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మను. అన్న ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటున్నాడు. సందులన్నీ తెలిసిన మనిషి ఒక్క గేటు కాపలా కాస్తున్నాడు.

సంతకాలయ్యాక, తార్నాకలో ఆ గదులు ఖాళీ చేయాల్సిన రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. “సార్, బీరువా తాళంచెవి మీ దగ్గరనే ఉన్నదా?” అని అడిగింది. పొద్దున పదింటికి వెళ్ళాను. టీచరమ్మ అప్పటికే వచ్చి, లాలాగూడ నుంచి ఎక్కిన బస్సులో సీటు దొరకలేదని కాళ్ళు నొక్కుకుంటోంది. బీరువా తెరిచి రిజిస్టర్లు పదకొండూ కింద పేర్చాను. క్షమించమని అడగాలని ఇంట్లో సాధన చేసి వచ్చాను. నోరు తెరిచేలోగా ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది.

“ఇదీ ఎక్కించండి అన్నయ్యగారూ. వాళ్ళు వచ్చిన రోజుదండీ. ఎక్కించడానికి ఆ రోజు పుస్తకం లేదు కదా.”

విప్పి చదివాను. క్యాంపస్ హాస్టల్ నుంచి ఒక రీసెర్చ్ అబ్బాయి. చూపు లేదు. మర్నాడు వైవా. లైబ్రరీలోని పాత పుస్తకం ఒకటి, రెండు అధ్యాయాలు పైకి చదివి వినిపించే మనిషి సాయంత్రంలోగా కావాలి. ఆ పాతకాలపు అచ్చును ఫోన్ చదవలేకపోతోంది. కింద పుస్తకం నంబరు కూడా రాసి ఉంది. ఆ నంబరు వేసింది నేనే.

“నాలుగింటికి పైకి చదువుదామనుకున్నానండీ. అప్పుడే వాళ్ళొచ్చారు, మీరు మీ కాగితాలు చదివారు. తర్వాత జిలేబి తిన్నాం. నేనూ తిన్నాను. మర్నాడు పొద్దున బ్యాగు తీసేదాకా గుర్తే లేదు. ఫోన్ చేస్తే, అయిపోయిందమ్మా, పర్లేదు అన్నాడు పిల్లాడు.”

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నేల మీద కూర్చుని చివరి రిజిస్టరు తెరిచాను. క్రమసంఖ్య వేశాను. ఏం కావాలన్నాడో రాశాను. ఎవరు అడిగారో రాశాను. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఆ పాత అచ్చులు కళ్ళద్దాలు లేకుండా చదవగలిగినవాడు తార్నాకలో ఆ రోజు ఎక్కడున్నాడో నాకు బాగా తెలుసు. తలకు నూనె రాసుకుని, చేతులు కట్టుకుని, ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాడు.

దొరికిన చోటు: ఈ గదిలోనే. అలా రాశాను. వెతికినవారు అన్న గడిని ఖాళీగా వదిలేసి, రిజిస్టరు మూసి టీచరమ్మకు ఇచ్చాను.